ఆచారప్ప బొటనవేలి గోరు

పోయిన వారం ఒకమ్మాయి మా అంగడికి వచ్చి జిగురు కావాలంది. దేనికమ్మా అని అడిగితే భుజాన తగిలించుకున్న గుడ్డసంచి దించి, అందులోంచి ఒక గిటారు తీసి బల్ల మీద పెట్టింది. గిటారు చుట్టూ అంచున ఉండే సన్నటి తెల్ల పట్టీ నడుము దగ్గర ఊడి బయటికి పొడుచుకొచ్చింది.

“మా నాయన చిక్కబళ్ళాపురం శాలెలో పని చేస్తాండాడు తాతా. ఆ బడిలో పాత సామాన్లు తీసేస్తా ఉంటే ఇది నాకు తెచ్చిచ్చినాడు. బెంగుళూరులో చూపిస్తే, పాతదయిపోయింది పారేయండి అన్నారంట. నాకు పారేసేకి మనసు రాలా,” అంది.

చింతామణిలో మా ఇనుప సామాన్ల అంగడి ఇప్పుడు నా కొడుకు చూసుకుంటున్నాడు. నేను గోడ మీది పటాల కింద ఇంకో పటంలాగా కూర్చుని వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తుంటాను. జిగురు డబ్బాలు ఏ అరలో ఉన్నాయో కూడా నాకిప్పుడు తెలీదు. కానీ ఆ గిటారును తిప్పి వీపు చూడగానే నా చేతులు ఆగిపోయాయి. నల్లటి బీటె (రోజ్‌వుడ్) చెక్క మీద, కింది భాగంలో, శనగగింజంత గుండ్రటి అతుకులు రెండు పక్కపక్కనే ఉన్నాయి. అవి గూళూరులో ఒక రైతు ఇంటి పాత పట్టెమంచానికి మేకులు దిగిన చిల్లులు. ఆ మంచం తలాపు పలకను సన్నటి రేకులుగా కోసిన రోజు రంపానికి రెండో కొస పట్టుకున్నవాణ్ణి నేనే.

“ఇక్కడ పెట్టి పోమ్మా. రేపు సాయంత్రం రా,” అన్నాను. జిగురు అమ్ముకోకుండా పని నెత్తిన వేసుకుంటున్నానని నా కొడుకు నావైపు వింతగా చూశాడు.

ఆ గిటారు చేసినాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకూ అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. ఊరంతా ఆచారప్ప అనేది. మా అంగడికి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, పెంకుల కప్పు కింద ఆయన వడ్రంగం కొట్టు. తలుపులూ, పట్టుగూళ్ళ నుంచి నూలు తీసే రాట్నాలూ, నాగళ్ళూ చేసేవాడు. వాటి మధ్య ఏడాదికి ఒకటో రెండో గిటార్లు. మొదటి మూడింటిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు గానీ ఆ నాలుగోదాన్ని చూసి మాత్రం కొత్తవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాళ్ళు.

గిటారు ఆయన దగ్గరికి ఎట్లా వచ్చిందంటే, బస్సు మీంచి పడి వచ్చింది. పాటల కచేరీలు చేసే ఒక బృందం సామాను టాపు మీద కట్టుకుని వస్తుంటే చింతామణి బస్టాండులో తాడు తెగి గిటారు కింద పడి పగిలింది. వడ్రంగి ఎక్కడున్నాడని అడిగితే ఎవరో ఈయన కొట్టు చూపించారు. అంతకుముందు ఆయన గిటారును చేత్తో తాకి ఎరుగడు. లోపల ఏముందో చూసి, పగిలినవన్నీ అతికించి ఇచ్చాడు. తర్వాత నెల రోజులు మాట్లాడకుండా తిరిగి, అటువంటిదే ఇంకొకటి చేశాడు. ఆయనకు వాయించడం చివరి దాకా రాలేదు. తంతులు బిగించాక ఒక్కదాన్ని వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, “నోరొచ్చింది,” అనేవాడు. అంతటితో ఆ గిటారుతో ఆయన పని అయిపోయినట్టే.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జుట్టు వెనక్కి ముడేసి, ఆ ముడిలో పెన్సిలు గుచ్చుకునేవాడు. గుచ్చుకున్న మరుక్షణం మరిచిపోయి కొట్టంతా వెతికేవాడు. “శెట్టీ, నా పెన్సిలు చూసినావా?” అని వీధి అవతలి నుంచి నన్ను కేకేస్తే, నేను అంగడిలోంచే నా తలకాయ వెనక తట్టి చూపించేవాణ్ణి. రోజుకు రెండు మూడు సార్లు ఈ తంతు జరిగేది. ఒక్క రోజు కూడా ఆయన సిగ్గుపడలేదు.

ఇక ఆ గోరు సంగతి. తొమ్మిది వేళ్ళ గోళ్ళూ మొదలంటా కత్తిరించుకునేవాడు గానీ ఎడమచేతి బొటనవేలి గోరు మాత్రం పెంచేవాడు. లక్క పని వల్ల అది పసుపు కొమ్ము రంగులో గట్టిగా ఉండేది. ఏ అతుకు కుదిరిందో లేదో కంటితో చూసేవాడు కాదు, కళ్ళు మూసుకుని ఆ గోరు నడిపేవాడు. వెంట్రుకవాసి ఎత్తు ఉన్నా గోరు అక్కడ ఆగేది. మా అంగడిలో కొత్త బల్ల చేయించుకుని, ఒకే చెక్కతో చేసిందని నేను గొప్పలు పోతుంటే, మాట్లాడుతూ మాట్లాడుతూనే దాని మీద గోరు నడిపి, “ఈడొకటి, ఈడొకటి. మూడు ముక్కలప్పా నీ బల్ల,” అన్నాడు. ఒకసారి పెళ్ళి పంక్తిలో నా పక్కన కూర్చుని, స్టీలు గ్లాసు మూతికి గోరు తగిలించి, అతుకు ఎక్కడుందో కనిపెట్టి, ఆ వైపు నుంచి తాగొద్దని నాకు చెప్పాడు. పాయసం వచ్చిందాకా మా ఇద్దరికీ అదే మాట.

ఇంకొక పిచ్చి కూడా ఉండేది ఆయనకు. కొట్టు నడిమధ్యలో పని చేసే బల్ల. లోపలికి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే దాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని, గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగి రావాలి. అడ్డదోవన ఎడమ పక్క నుంచి వస్తే ఒప్పుకునేవాడు కాదు. నేను మేకులో సాన్రాయో ఇచ్చి పోదామని తొందరగా దూరితే, “తిరుక్కోని రాప్పా,” అని వెనక్కి పంపేవాడు.

“రెండడుగులు ఆచారప్పా! దానికంత చుట్టా?”

“రెండడుగులేగా. తిరిగితే నీ సొమ్మేం పోతాది? అది నాకు అన్నం పెడతాండాది. అప్రదక్షిణంగా వస్తే దానికి కోపమొస్తాది.”

ఇంత పట్టింపు గల మనిషి ఒక్క పనిలో మాత్రం ఎదురు తిరిగేవాడు. అది చూసినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది.

గిటారు ముందు పలక, పక్క చెక్క కలిసే మూల చాలా పెళుసు. ఎక్కడన్నా తగిలితే ఊడుతుంది, తేమ కూడా అక్కడి నుంచే లోపలికి పోతుంది. అందుకని ఆ మూల చుట్టూ సన్నటి గాడి తీసి, అందులో తెల్ల కొయ్య పట్టీ ఒకటి కూర్చి అతికిస్తారు. చూసేవాళ్ళకు అది అలంకారం. గిటారుకు మాత్రం అది చీరకు కుట్టిన అంచు లాంటిది, లేకపోతే పోగులు లేచిపోతాయి. చిక్కంతా ఆ గాడి తీయడంలోనే ఉంది. ముందు పలక దేవదారు చెక్క. అది మెత్తన, నార నిలువుగా సాగుతుంది. ఉలి కొంచెం దారి తప్పితే గీసిన గీత దాటి లోపలికి చీల్చుకుని పెచ్చు లేచిపోతుంది. నెల రోజుల పని ఒక్క క్షణంలో పాడవుతుంది.

ఆచారప్ప ముందుగా ఆ అంచంతా స్పిరిటులో కరిగించిన లక్క పూసేవాడు. ఆరాక మళ్ళీ పూసేవాడు. మెత్తటి నార లక్క తాగి గట్టిపడాలి. తర్వాత పదునైన కత్తితో గీత కోసేవాడు. ఆ గీత దగ్గర నార ముందే తెగి ఉంటే పెచ్చు లేచినా గీత దాటదు. ఆ తర్వాతే ఉలి. అది కూడా ఒకేసారి లోతుకు కాదు, ఉల్లిపొర అంత, మళ్ళీ ఉల్లిపొర అంత.

“గిటారుకు నాలుగు గుట్టలుండాయప్పా,” అని చూపించాడు నాకు. పైన రెండు భుజాలు, కింద రెండు తుంట్లు. “గుట్ట మీద నుంచి పల్లానికి దిగల్ల. నడుముకు దిగేటప్పుడూ అంతే, అడుక్కు దిగేటప్పుడూ అంతే. ఎక్కకూడదు. ఎక్కితే నార ఎదురొచ్చి లేస్తాది.”

అంటే ఒక గుట్ట నుంచి నడుము దాకా ఒక దిక్కుకు పోతే, అదే గుట్ట నుంచి అడుగు దాకా దానికి వ్యతిరేక దిక్కుకు రావాలి. సగం పని ప్రదక్షిణంగా జరిగితే సగం అప్రదక్షిణంగా జరగాలి. అప్రదక్షిణంగా పోవలసిన ప్రతిసారీ ఆచారప్ప ఉలి కింద పెట్టి, కళ్ళు మూసుకుని, రెండు చెంపలూ వేసుకునేవాడు. తర్వాత ఉలి తీసుకుని ఎదురు దిక్కుకు పోయేవాడు. ఒక గిటారుకు ఎన్నిసార్లు చెంపలు వేసుకునేవాడో లెక్క లేదు.

“దేవుడేమన్నా చూస్తుంటాడా ఇదంతా?” అన్నాను ఒకసారి.

“చూసినా చూడకపోయినా, మనం చేసేది మనకు తెలుసు గదా,” అన్నాడు గాడి మీంచి కళ్ళు తీయకుండా.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మా నాయన దగ్గర నుంచి అంగడి నా చేతికి వచ్చిన కొత్త. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు నేనే వాడి చూసుకోవాలన్న ఉబలాటం. బెంగుళూరు నుంచి ఒక రౌటర్ మిషను తెప్పించాను. కరెంటు పెడితే కింద చిన్న బ్లేడు గిర్రున తిరిగి కొయ్యలో గాడి తీసుకుంటూ పోతుంది. చింతామణిలో అదే మొదటిది. తలుపు చెక్కల మీద దాన్ని నడిపి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి. ఆచారప్ప మాత్రం దాని చప్పుడు వినగానే వీధి అవతల చెవుల మీద చేతులు పెట్టుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఆయన కొట్టుకు గండం వచ్చింది. రాట్నాలు ఇనుపవి వచ్చేశాయి. తలుపులు పెద్ద ఊళ్ళ నుంచి తయారై లారీల్లో దిగుతున్నాయి. ఆయన కంట్లో పొర కమ్ముతోంది. కొడుకు బాగేపల్లిలో సైకిలు షాపులో పని చేస్తూ, “కొట్టు మూసేయి నాయనా, ఈడ నేను సైకిలు షాపు పెట్టుకుంటా,” అని వచ్చినప్పుడల్లా పోరేవాడు. కొడుకు వెళ్ళాక ఆచారప్ప చాలాసేపు బల్ల మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. నేను చూశాను.

అటువంటప్పుడు చిక్కబళ్ళాపురం శాలె నుంచి సంగీతం మేష్ట్రు ఒకాయన వచ్చాడు. పిల్లలకు నేర్పడానికి గిటార్లు కావాలట. “ముందర ఒకటి చెయ్యండి. అది నాకు నచ్చితే ఇంగా ఆరు చెప్తాను. నచ్చకపోతే బెంగుళూరుకు పోతాను,” అన్నాడు. ఆరు గిటార్లంటే రెండేళ్ళ పని. రెండేళ్ళు ఆ కొట్టు తలుపు తీసే ఉంటుంది. కొడుకుతో ఆచారప్ప చెప్పిన మాట కూడా అదే: “ఈ ఒక్కటి వాళ్ళకు నచ్చకపోతే నువ్వు చెప్పినట్లే కానీ.”

ఆ ఒక్కదానికోసం ఏళ్ళ తరబడి దాచుకున్న గూళూరు మంచం పలక తీశాడు. నేను రంపం రెండో కొస పట్టాను. పక్క చెక్కలు నీళ్ళలో నానబెట్టి, వేడి గొట్టం మీద వంచి, ముందు పలకా వీపూ అతికించి, గిటారు ఒంటికి రూపు తెచ్చాడు. సోమవారం మేష్ట్రు వస్తానన్నాడు. దానికి ముందటి బుధవారం నాటికి గాడి ఒక్కటీ మిగిలింది. బుధవారమే బట్లహళ్ళిలో ఒకరి కొత్తింటికి ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం. అది చెక్కింది ఆయనే గనుక నిలబెట్టడానికీ ఆయనే పోవాలి. పొద్దున అంచుకు ఒకసారి లక్క పూసి, కొట్టు తాళంచెవి నా దగ్గర పెట్టి, “సాయంత్రమొచ్చి రెండోసారి పూస్తా. రేపు గీత కోస్తా,” అని బస్సెక్కాడు.

ఆయన పని చేసే వేగం నాకు తెలుసు. ఆ గాడికి ఎంత లేదన్నా మూడు రోజులు. పట్టీ అతకడం, పాలిష్, తంతులు, అన్నీ ఎప్పుడు కావాలి? సోమవారానికి కాదు. నా మిషనుతో అయితే అరగంట. మంచి చేద్దామనే అనుకున్నాను, అది మాత్రం నిజం. కానీ అందులో నా మిషను గొప్ప చూపించుకోవాలన్న కోరిక కూడా ఉంది, అదీ నిజమే.

వైరు మా అంగడి నుంచి వీధి దాటించి కొట్టులోకి లాగాను. బల్లను కుడివైపు పెట్టుకునే తిరిగి వచ్చాను, అంత మర్యాద ఉంది నాకు. గిటారును బిగించాను. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలా అని ఒక్క క్షణం ఆగాను. గుట్టలు, పల్లాలు, ఆయన చూపించినవన్నీ గుర్తున్నాయి. కానీ అవి ఉలికి చెప్పిన మాటలు, నిమిషానికి వేల చుట్లు తిరిగే మిషనుకు నారేమిటి, ఎదురేమిటి అనుకున్నాను. పైగా ఇంకో ఆలోచన వచ్చింది. ఎక్కడా ఆగకుండా, వెనక్కి తిరగకుండా, ఒక్క చుట్టు ప్రదక్షిణంగా తీసేస్తే ఆచారప్పకు అన్నిసార్లు చెంపలు వేసుకునే బాధ తప్పుతుంది. ఆ పాపమేదో ఉంటే అది కూడా తప్పించినవాణ్ణి అవుతాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ క్షణాన నేను భక్తిగానే మిషను ఆన్ చేశాను.

మొదటి గుట్ట నుంచి దిగేటప్పుడు వెన్నలో పోయినట్టు పోయింది. అడుగున తిరిగి రెండో గుట్ట ఎక్కేటప్పుడు చిన్న పెచ్చొకటి లేచింది, అది గాడిలో కలిసిపోయింది కనుక పట్టించుకోలేదు. ఆ గుట్ట దిగి, నడుము దాటి, పై భుజం వైపు ఎక్కడం మొదలుపెట్టానో లేదో ‘టప్’మని చప్పుడైంది. వేలి కణుపంత పెచ్చు గాడి దాటి లోపలికి చీల్చుకుని లేచి, మిషను గాలికి ఎగిరి ఎటో పోయింది. తెల్లటి పలక మీద పన్ను ఊడిన చోటులాగా గుంట కనబడింది.

మిషను ఆపాను. తర్వాత చేసిన పని ఇంకా తెలివితక్కువది. అదేదో సర్ది పెడితే తప్పు తగ్గుతుందన్నట్టు నేలంతా చీపురుతో ఊడ్చి, చెత్తంతా మూలనున్న రంపపు పొట్టు కుప్పలో పోశాను. అంగడికి వచ్చి కూర్చుని సాయంత్రం బస్సు కోసం ఎదురుచూశాను. ఆ పూట అంగడికి వచ్చినవాళ్ళకు ఏం ఇచ్చానో నాకు తెలీదు.

ఆచారప్ప దిగి నేరుగా కొట్టుకే వచ్చాడు. నేను వెనకే వెళ్ళి, ద్వారం దగ్గరే నిలబడి జరిగింది చెప్పాను. ఆయన బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, గిటారు మీద వంగి, ఆ గుంటలో గోరు పెట్టి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

“పెచ్చు యాడ?” అన్నాడు.

“ఏంది ఆచారప్పా?”

“లేసింది గదా, ఆ పెచ్చు. యాడ పెట్టినావు?”

ఊడ్చేశానని చెప్పాను. అప్పుడు మాత్రం ఆయన ముఖం వాడిపోయింది. “అయ్యో, ఊడుస్తారేమప్పా! దాని చోట అదే పట్టల్ల. వేరే ముక్క ఎంత బాగా చెక్కినా నార కలవదు.”

మర్నాడు తెల్లారగానే ఇద్దరం ఆ పొట్టు కుప్ప ముందు కూర్చున్నాం. మా ఇంటి నుంచి చాట, జల్లెడ తెచ్చాను. నేను జల్లించేది, ఆయన చాటలో పోసుకుని వేళ్ళతో వెతికేది. పొర కమ్మిన కళ్ళకు ఆ పొట్టులో ఏం కనపడుతుంది? ఒక్కొక్క ముక్కనే తీసి, దాని అంచు మీద గోరు నడిపి, కాదని పక్కన పెట్టేవాడు. వీధిలో పోయేవాళ్ళు, “ఏమప్పా, బియ్యమా?” అని అడిగిపోయారు. నా అంగడి ఆ పూట తెరవలేదు. పొద్దెక్కి మధ్యాహ్నం అవుతుండగా ఒక సన్నటి తెల్ల ముక్క మీద ఆయన గోరు ఆగింది. మళ్ళీ నడిపాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, దాన్ని ఆ గుంటలో పెట్టాడు. అది చోటు తెలిసిన దానిలాగా కూర్చుంది.

“వచ్చిందప్పా ఇంటికి,” అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీపురు పట్టుకుని అటు తిరిగాను.

వేడి జిగురు రాసి, పెచ్చును నిలిపి, కాగితం పెట్టి, దూదిదారంతో కట్టాడు. ఆ పక్క రోజు మిగతా అంచుకు మళ్ళీ లక్క పూసి, కత్తితో గీత కోశాడు. తర్వాత నన్ను పిలిచి ఏమన్నాడంటే, “నీ మిషను తీస్కరా.”

వద్దన్నాను. ఇంక ఆ మిషను ముట్టుకోనన్నాను.

“మిషను తప్పేముండాది? దానికి దోవ తెలీదు. దోవ మనం చెప్పల్ల,” అని, సుద్దముక్కతో గిటారు మీద గుట్టల నుంచి పల్లాలకు బాణం గుర్తులు వేశాడు. నేను మిషను పట్టుకున్నాను. ఆయన నా మణికట్టు మీద చెయ్యి వేసి నడిపించాడు. ఎదురు దిక్కుకు పోవలసిన చోట నా చెయ్యి ఆపి, “ఊఁ,” అన్నాడు. అర్థమై, మిషను పక్కన పెట్టి నేను కూడా రెండు చెంపలూ వేసుకున్నాను. ఇద్దరం కలిసి వేసుకున్నాం. ఒక్క పెచ్చు లేవలేదు.

సోమవారం మేష్ట్రు వచ్చాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాయించాడు. వీధిలో జనం ఆగారు. ఆచారప్ప కొడుకు కూడా బాగేపల్లి నుంచి వచ్చి మూల నిలబడ్డాడు. మేష్ట్రు తల ఊపుతూ, “చెన్నాగుండాది ఆచారప్పా, బలే చెన్నాగుండాది,” అన్నాడు. ఆరు గిటార్ల మాట ఆయన నోటి దాకా వచ్చేసింది.

ఆచారప్ప చెయ్యెత్తాడు. “నిలుప్పా. మాటిచ్చే ముందర ఒకటి చూసుకోవల్ల. దీంట్లో పెచ్చు లేసి అతికించింది ఒకటుండాది. నా బల్ల మీద జరిగింది.”

నా పేరు చెప్పలేదు.

మేష్ట్రు కళ్ళద్దాలు పెట్టుకుని అంచంతా వెతికాడు. కనిపించలేదు. “యాడ?” అన్నాడు. ఆచారప్ప గిటారును తన ఒళ్ళోకి తీసుకుని, అంచు మీద వేలు పెట్టి చుట్టూ నడిపాడు. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు అయింది. “ఈడనే ఉండల్ల... కంట్లో పొర గదా... యాడబోయిందో,” అని గొణుక్కుంటున్నాడు. ఎప్పుడూ తప్పని మనిషి అట్లా తడుముకుంటుంటే చూడలేకపోయాను.

“పోనీలే. మాకే కనపడని దాన్ని ఎందుకు దేవులాడేది?” అన్నాడు మేష్ట్రు.

ఆ మాటతో అయిపోయి ఉండేది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. ఆచారప్ప మూడో చుట్టు మొదలుపెట్టాడు. నేను ముందుకు వచ్చి నడుము దగ్గర వేలు పెట్టాను.

“ఇక్కడ సార్. ఆయన ఊళ్ళో లేనప్పుడు నేను మిషను పెట్టి పాడు చేసినాను. అతికించింది ఆయన.”

మేష్ట్రు నన్ను చూశాడు, ఆ చోటును చూశాడు, వంగి ముక్కు ఆనేంత దగ్గరగా మళ్ళీ చూశాడు. “ఇట్ల అతికించేవాళ్ళు ఉంటే నాకింకేం కావల్ల? ఆరు చెయ్యండి,” అన్నాడు. లేస్తూ లేస్తూ నావైపు వేలు చూపించి, “ఒకటే మాట. మిషను మాత్రం ఈయన పట్టకూడదు.”

“పట్టుకుంటాడు,” అన్నాడు ఆచారప్ప. “ఇంగ వానికి దోవ తెలుసు.”

ఆ మాట అన్నప్పుడు ఆయన నావైపు చూడలేదు, తలముడిలో ఉన్న పెన్సిలు కోసం బల్ల మీద వెతుక్కుంటున్నాడు. ఊరంతా వింటుండగా నా తప్పు నేను చెప్పుకున్న రోజునే ఊరంతా వింటుండగా ఆయన నన్ను పనివాణ్ణి చేశాడు. నాకు మా నాయన అంగడి ఇచ్చాడు. కానీ నామీద నాకు నమ్మకం ఇచ్చింది మాత్రం ఎదురింటి ఈ మనిషే. ఆరు గిటార్లకూ గాడి నేనే తీశాను. బాణాలు ఆయన వేశాడు. చివరి రెంటికి ఆయనకు సుద్దగీత కూడా కనపడకపోతే, గుట్టలను అరచేత్తో తడిమి వేశాడు. ఆరో గిటారుకు నోరొచ్చిన ఏడాదికి ఆయన పోయాడు. కొట్టు అప్పటికీ తెరిచే ఉంది.

ఆ రోజు ఆ అమ్మాయి పోయాక గిటారు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఊడిన పట్టీ కింద గాడిలో గట్టిపడిన పాత జిగురును సన్న ఉలితో గీకాలి. గుట్ట మీద నుంచి పల్లానికి గీకాను. ఎదురు దిక్కు వచ్చినప్పుడు ఉలి కింద పెట్టి చెంపలు వేసుకుంటే, “ఏం నాన్నా, దోమలా?” అన్నాడు నా కొడుకు. కొత్త జిగురు రాసి, పట్టీ కూర్చి, గుడ్డ పీలికలతో చుట్టి కట్టి రాత్రంతా వదిలేశాను. మర్నాడు విప్పి, అతుకు కుదిరిందో లేదో చూద్దామని కళ్ళు మూసుకుని బొటనవేలి గోరు నడిపాను. మేకులు లెక్కపెట్టి, తూకాలు వేసి అరిగిన మామూలు శెట్టి గోరు నాది. నడుము దగ్గర అది ఠక్కున ఆగింది. మళ్ళీ నడిపితే మళ్ళీ అక్కడే ఆగింది. నా పెచ్చు.

ఏళ్ళ ఎండలకు అతుకు పైకి తేలిందేమో అనుకున్నాను. అట్లా అనుకుంటూ ఉండగానే ఆ సోమవారం కళ్ళ ముందు నిలబడింది. ఆ రోజు ఆచారప్ప అంచు మీద నడిపింది కుడిచేతి చూపుడువేలు. దానికి గోరు లేదు. ఎడమచేతి బొటనవేలిని పిడికిట్లో మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు చుట్లూ అట్లాగే పెట్టుకున్నాడు. పొట్టు కుప్పలో పెచ్చును వెతికి పట్టుకున్న గోరది. పెళ్ళి పంక్తిలో గ్లాసు అతుకు కనిపెట్టిన గోరది. ఆ రోజు ఆయనకు కళ్ళు తప్పాయని, ముసలితనం వచ్చిందని ఇన్నేళ్ళూ జాలిపడ్డాను. ఆయన వెతికింది పెచ్చు కోసం కాదు. నేను ముందుకు వస్తానేమోనని వెతికాడు. రాకపోయినా నా పేరు చెప్పేవాడు కాదు. ఆరు గిటార్లూ, కొట్టూ పోయే చోట కూర్చుని, నాకోసం మూడుసార్లు చుట్టు తిరిగాడు.

ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఎవరికి చెప్పుకోవాలి? బల్ల మీద తల పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. నా కొడుకు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. పట్టీ చూసుకుని మురిసిపోయింది. “కొత్తదాని మాదిరిగా ఉండాది తాతా. దీన్ని ఎవురు చేసింది?”

“ఎదురుగా ఆ సైకిలు షాపు ఉంది చూడు, ఆడ ఆచారప్ప అని ఒకాయన ఉండేవాడు. దీన్ని ఆయనే చేసినాడు,” అన్నాను. “ఒక్క పెచ్చు మాత్రం నాది.”

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కళ్ళు మూసుకోమని చెప్పి, ఆమె బొటనవేలు పట్టుకుని నడుము దగ్గర గోరు ఆనించి, నెమ్మదిగా నడపమన్నాను.

“తగులుతాంది తాతా,” అంది, మొదటిసారికే.